ఒక్క ఫోన్, నలభై మంది పిల్లలు: బడిలో ఉచిత ఆన్‌లైన్ టూల్స్ వాడే పద్ధతి

స్కూల్ కాంప్లెక్స్ మీటింగుల్లో (చుట్టుపక్కల బడుల టీచర్లు కలిసే చోట) టీ తాగేటప్పుడు దేవరకొండ, అచ్చంపేట వైపు టీచర్లు నన్ను అడిగే ప్రశ్న దాదాపు ఒకటే. "సార్, ఏ యాప్ మంచిది?" నేను తిరిగి అడిగేది కూడా ఒకటే. "మీ క్లాసులో ఏ పాఠం దగ్గర బండి ఆగిపోతోంది?" అది చెప్తే టూల్ పేరు రెండు నిమిషాల్లో తేలిపోతుంది. కష్టమంతా దాన్ని పీరియడ్‌లో ఇమడ్చడంలోనే ఉంటుంది. అందుకే ఈ మార్గదర్శిలో యాప్‌ల పేర్లు తక్కువ, తయారీ ఎక్కువ.

మీ దగ్గర ఇవి ఉన్నాయనుకొని రాస్తున్నాను: టీచరుకు ఒక స్మార్ట్‌ఫోన్, గదిలో ఐఎఫ్‌పి ప్యానెలో (వేలితో నడిపే పెద్ద తెర) పాత ప్రొజెక్టరో, వస్తూ పోతూ ఉండే సిగ్నల్. పిల్లల ఇంట్లో ఫోన్ ఉంటుందని మాత్రం లెక్క వేసుకోవద్దు. పాలమూరు సంగతి తెలిసిందే కదా. అమ్మానాన్న పనికి బొంబాయో పుణెనో పోతే స్మార్ట్‌ఫోన్ కూడా వాళ్లతోనే పోతుంది. అవ్వ దగ్గర మిగిలేది బటన్ ఫోన్.

1. ముందు పాఠం, తర్వాత టూల్

ఈ నెల చెప్పబోయే పాఠాలు ఒక కాగితం మీద రాయండి. పోయినేడు పిల్లలు ఎక్కడ తడబడ్డారో ఆ చోట గీత గీయండి. ఆ గీత ఉన్నచోటే టూల్ కావాలి.

- కంటికి కనబడనిది (కరెంటు, అణువు, పీడనం): ఫెట్ సిమ్యులేషన్లు (తెర మీద చేసే ప్రయోగాలు)
- సంఖ్య మార్చితే బొమ్మ ఎలా మారుతుందో చూపాలంటే (రేఖీయ సమీకరణాలు, వర్గ బహుపదుల గ్రాఫులు): గ్రాఫులు గీసే జియోజీబ్రా
- ఎంతమందికి అర్థమైందో అప్పటికప్పుడు తెలియాలంటే: ప్లిక్కర్స్
- పిల్లలే లెక్కలు సేకరించి గ్రాఫ్ గీయాలంటే: గూగుల్ ఫామ్స్, షీట్స్
- నది, కొండ, ప్రాజెక్టు: గూగుల్ ఎర్త్
- మీరు సెలవు పెట్టిన రోజు, రివిజన్: దీక్ష యాప్, టీ-శాట్ పాఠాలు (రెండూ ప్రభుత్వానివే)

చేతికి దొరికే వస్తువు ఉంటే టూల్ జోలికి పోవద్దు. పెసర్లు మొలకెత్తడం వీడియోలో చూపించడం దండగ. నానబెట్టి తడిగుడ్డలో కట్టిపెడితే మర్నాటికో ఎల్లుండికో మొలకలు క్లాసులోనే కనబడతాయి.

ఒక టర్మ్‌లో రెండు టూల్స్ చాలు. నేను మొదటి సంవత్సరం ఏడెనిమిది మొదలుపెట్టి ఒక్కటీ సరిగ్గా నేర్చుకోలేదు.

2. ముందురోజే గది తిరిగి చూడండి

నా మొదటి "డిజిటల్ క్లాసు" ఇప్పటికీ గుర్తే. స్టాఫ్‌రూమ్‌లో సిగ్నల్ బాగుందని క్లాసులో నేరుగా వీడియో పెట్టాను. తెర మీద గుండ్రం తిరుగుతూనే ఉంది. వెనక బెంచీ పిల్లవాడొకడు ఎన్నిసార్లు తిరిగిందో లెక్కపెట్టి, బెల్లు కొట్టాక నాకు చెప్పాడు కూడా. తప్పు నెట్‌వర్క్‌ది కాదు, నాదే. డౌన్‌లోడ్ చేసుకోలేదు.

అప్పటి నుంచి పాటిస్తున్న వరుస ఇది:

ఒకటి. మీ పీరియడ్ ఏ సమయానికో ఆ సమయానికే ఆ గదిలోకి వెళ్లి సిగ్నల్ చూడండి. పొద్దున ప్రేయర్ టైమ్‌లో వచ్చే నెట్ మధ్యాహ్నం రెండింటికి రాకపోవచ్చు. నల్లమల అంచు బడుల్లో ఫలానా కిటికీ దగ్గర మాత్రమే సిగ్నల్ వస్తుంది. ఆ కిటికీ ఏదో పిల్లలకే బాగా తెలుసు, అడగండి.

రెండు. ప్యానెల్‌కు సొంత ఇంటర్నెట్ లేకపోతే ఫోన్ హాట్‌స్పాట్ ఆన్ చేసి, ఆ కిటికీలో పెట్టి, ప్యానెల్‌ను దానికి కలపండి.

మూడు. అన్నిటికంటే నమ్మకమైనది పెన్‌డ్రైవ్. వీడియో, సిమ్యులేషన్ ఫైలు, ఫొటోలు అందులో వేసుకుంటే నెట్‌తో పని లేదు.

నాలుగు. ఫోన్‌ను ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టి అన్నీ ఒకసారి తెరిచి చూడండి. అప్పుడు తెరుచుకున్నదే రేపు క్లాసులో తెరుచుకుంటుంది.

పడుకునే ముందు చూసుకోవాల్సినవి:

☐ ఫైలు ఫోన్‌లోనూ పెన్‌డ్రైవ్‌లోనూ ఉందా
☐ చార్జింగ్ నిండా ఉందా, చార్జర్ బ్యాగులో వేశానా
☐ వాట్సాప్ నోటిఫికేషన్లు బంద్ చేశానా (ఇంటి ముచ్చట్లు తెర మీద పడితే ఆ రోజు పాఠం అయిపోయినట్టే)
☐ కరెంటు పోతే నల్లబల్ల మీద ఏం చేయాలో రాసుకున్నానా

చివరిది తేలిగ్గా తీసుకోకండి.

3. ఫెట్‌తో ఒక పూర్తి పీరియడ్: పదో తరగతి విద్యుత్ ప్రవాహం

ఫెట్ అమెరికాలోని కొలరాడో యూనివర్సిటీ వాళ్ల సైటు. డబ్బు కట్టేది లేదు. ఇంగ్లీషులో ఫెట్ సిమ్యులేషన్స్ (PhET simulations) అని వెతికితే వస్తుంది. అందులో సర్క్యూట్ కన్‌స్ట్రక్షన్ కిట్ డీసీ అనేది తెరవండి. ఆ పేజీలోనే అనువాదాల జాబితా ఉంటుంది. మీకు కావాల్సిన సిమ్యులేషన్‌కు తెలుగు ఉంటే అదే దింపుకోండి, లేకపోయినా బొమ్మలతోనే పని నడుస్తుంది. దిగేది ఒక్క ఫైలే. దాన్ని క్రోమ్‌లో తెరిస్తే నెట్ లేకుండా పనిచేస్తుంది.

క్లాసులో చాలామంది చేసే పొరపాటు ఏమిటంటే ముందే చూపించేయడం. చూపించాక "అర్థమైందా?" అంటే నలభై గొంతులూ "అయింది సార్" అంటాయి. ముందు అడగాలి, రాయించాలి, ఆ తర్వాతే చూపాలి.

మొదటి 5 నిమిషాలు: తెర ఆఫ్‌లోనే ఉండాలి. నల్లబల్ల మీద ఒక బ్యాటరీ, ఒక బల్బు గీయండి. పక్కన అదే వైరులో వరుసగా రెండు బల్బులు గీయండి. "రెండో బల్బు పెడితే ఏమైతది?" మా పిల్లల జవాబులు ఎప్పుడూ మూడు రకాలు. "రెండూ డిమ్ముగైతయి సార్." "మొదటిది మంచిగ వెలుగుతది, రెండోదానికి తక్కువ అందుతది." "రెండూ అట్లనే వెలుగుతయి." మూడూ బల్ల మీద రాసి చేతులు లెక్కపెట్టండి. ప్రతి పిల్లా తన జవాబు నోట్‌బుక్‌లో పెన్నుతో రాయాలి. పెన్సిల్ వద్దు, చెరిపేసుకుంటారు.

తర్వాత 10 నిమిషాలు: ఇప్పుడు తెర. సర్క్యూట్ కలిపేది మీరు కాదు. రెండో జవాబు చెప్పినవాళ్లలో ఒకరిని పిలిచి కట్టించండి. రెండు బల్బులూ సమానంగా డిమ్ముగా వెలగడం చూసి వాడే "అరె" అంటాడు. ఆ "అరె" మన మాటతో రాదు.

తర్వాత 15 నిమిషాలు: లెక్క. ఈ కిట్‌లో మీరు మార్చనంతవరకు బ్యాటరీ 9 వోల్టులు, బల్బు నిరోధం 10 ఓములు. ఓం నియమంతో పిల్లలు ముందు లెక్కగట్టాలి, ఆ తర్వాత అమ్మీటర్ పెట్టి సరిచూడాలి.

- ఒక బల్బు: 9/10 = 0.9 ఆంపియర్లు
- శ్రేణిలో రెండు: 9/20 = 0.45 ఆంపియర్లు
- సమాంతరంగా రెండు: ఒక్కో బల్బులో 0.9, బ్యాటరీ నుంచి మొత్తం 1.8 ఆంపియర్లు

నోట్‌బుక్‌లో వచ్చిన సంఖ్యే అమ్మీటర్‌లో కనబడ్డప్పుడు, లెక్కలంటే జంకే పిల్లల ముఖం చూడాలి.

చివరి 10 నిమిషాలు: శ్రేణిలో ఒక బల్బు తీసేయమనండి, రెండోదీ ఆరిపోతుంది. సమాంతరంలో తీసేస్తే రెండోది వెలుగుతూనే ఉంటుంది. "మన బడిలో ఒక ఫ్యాన్ బంద్ చేస్తే ట్యూబ్‌లైట్ ఆరుతుందా? మరి మన వైరింగ్ ఏ రకం?" ఈ ప్రశ్న వదిలి బయటికి రండి.

రెండు జాగ్రత్తలు చెప్పాలి. ఈ కిట్‌లో మొదట కదిలేది ఎలక్ట్రాన్లు. పుస్తకంలో బాణం గుర్తు దానికి ఎదురు దిక్కులో ఉంటుంది. సెట్టింగులో సంప్రదాయ విద్యుత్ దిశ ఎంచుకోవచ్చు, లేదా ఆ తేడానే చర్చకు పెట్టవచ్చు. రెండోది ప్రాణం మీదికి వచ్చే సంగతి. బ్యాటరీ రెండు కొసలూ వైరుతో కలిపితే తెర మీద మంటలు వస్తాయి, పిల్లలు గోల గోల చేసి మళ్లీ మళ్లీ చేస్తారు. ఇంట్లో ప్లగ్గులో 230 వోల్టులు ఉంటాయని, అది ఆట కాదని ఆ క్షణమే గట్టిగా చెప్పండి.

4. ప్లిక్కర్స్: పిల్లల చేతిలో ఫోన్ లేకుండా క్విజ్

మన బడులకు ఇంతకంటే సరిపోయే టూల్ నేను చూడలేదు. ఒక్కో పిల్లకు ఒక్కో కాగితపు కార్డు. దాని మీద నల్లని గళ్ల బొమ్మ, నాలుగు వైపులా చిన్న అక్షరాలతో ఎ, బి, సి, డి. పిల్లలు తమ జవాబు పైకి వచ్చేట్టు కార్డు పట్టుకుంటారు. మీరు ఫోన్ కెమెరాతో గదిని ఒకసారి చుట్టేస్తే ఎవరు ఏం చెప్పారో మీ ఫోన్‌లో పడుతుంది. ప్రతి కార్డు బొమ్మా వేరు కాబట్టి పక్కవాణ్ని చూసి తిప్పడం కుదరదు.

తయారీ:

1. ప్లిక్కర్స్ సైటులో ఖాతా తెరిచి 40 కార్డుల సెట్ దింపుకోండి. జిరాక్స్ సెంటర్‌లో మామూలు కాగితం మీదే ప్రింట్ తీయించండి.
2. పాత నోట్‌బుక్ అట్టకు అతికించండి. మెరిసే లామినేషన్ వద్దు. కిటికీ వెలుతురు దాని మీద పడి కెమెరా చదవదు. నేను నలభై కార్డులూ లామినేట్ చేయించి డబ్బు పోగొట్టుకున్నాకే ఇది తెలిసింది.
3. కార్డు నంబరు, రోల్ నంబరు ఒకటే ఉంచండి. తరగతి జాబితాలో పేర్ల బదులు రోల్ నంబర్లే ఎక్కించండి.
4. ఉచిత ఖాతాలో ఒక సెట్‌కు 5 ప్రశ్నలే పడతాయి. బాధపడకండి, ఒక పీరియడ్‌కు మూడే ఎక్కువ.

ప్రశ్న తయారీ దగ్గరే అసలు పనితనం ఉంది. తప్పు జవాబులు ఊరికే పెట్టకూడదు, పిల్లలు నిజంగా చేసే తప్పులే పెట్టాలి. ఉదాహరణకు 1/2 + 1/3 ఎంత?

ఎ. 2/5   బి. 5/6   సి. 1/6   డి. 1/5

2/5 అన్నవాళ్లు పైవి పైవాటితో, కిందివి కిందివాటితో కూడారు. 1/6 అన్నవాళ్లు కూడమంటే గుణించారు. 1/5 అన్నవాళ్లు కిందివి కూడి పైన ఒకటే ఉంచారు. జవాబు ఫోన్‌లో పడగానే ఎవరికి ఏ జబ్బో తెలిసిపోతుంది.

ఫలితం వచ్చాక ఏం చేయాలి? ఎక్కువ మందికి వస్తే ముందుకు పోండి. సగం సగంగా ఉంటే సరైన జవాబు చెప్పకుండా "పక్కవాళ్లతో రెండు నిమిషాలు వాదించుకోండి" అని మళ్లీ కార్డులు ఎత్తించండి. చాలాసార్లు పిల్లలే ఒకరినొకరు దిద్దుకుంటారు. పది మందికి కూడా రాకపోతే నెమ్మదిగా కార్డులు కింద పెట్టించి, పాఠం ఇంకో దారిలో చెప్పండి.

స్కాన్ అవ్వకపోతే కారణం దాదాపు ఈ మూడింట్లో ఒకటి: నల్లగళ్ల మీద వేళ్లు ఉన్నాయి, ముందు బెంచీ కార్డు వెనకవాళ్లకు అడ్డం వచ్చింది, లేదా మీకు ఎదురుగా కిటికీ ఉంది. కార్డు అంచు పట్టుకోవడం నేర్పండి. కిటికీ మీ వెనక ఉండేట్టు నిలబడి ఫోన్ కాస్త ఎత్తి పట్టుకోండి.

5. ఫామ్స్, షీట్స్: మన ఊరి నీళ్ల లెక్క

గూగుల్ ఫామ్స్‌ను అందరూ పరీక్షకే వాడతారు. నాకైతే సాంఖ్యకశాస్త్రం పాఠానికే ఎక్కువ పనికొచ్చింది. నల్లగొండ జిల్లా పిల్లలకు ఫ్లోరైడ్ అన్నది పుస్తకంలో మాట కాదు. "మీ ఇంట్లో తాగే నీళ్లు ఎక్కడివి?" అంటే నల్లా, బోరు, ప్లాంట్ డబ్బా అని మూడు జవాబులు వస్తాయి. సర్వేకు అంతకంటే మంచి విషయం ఎక్కడ దొరుకుతుంది?

ఎ) ప్రశ్నలు నాలుగుకు మించొద్దు. తాగే నీళ్లు ఎక్కడివి, వంట నీళ్లు ఎక్కడివి, రోజుకు ఎన్ని బిందెలు, ఇంట్లో ఎంతమంది.

బి) పిల్లలు ముందు కాగితం మీద ఇంటింటికీ తిరిగి రాసుకొస్తారు. తర్వాత మీ ఫోన్‌లోనో ల్యాబ్ కంప్యూటర్‌లోనో ఒక్కొక్కరు వచ్చి ఎక్కిస్తారు.

సి) సెట్టింగుల్లో ఈమెయిల్ సేకరణ, ఒకరికి ఒకే జవాబు అనే రెండూ ఆపేయండి. అవి ఆన్‌లో ఉంటే ఫామ్ గూగుల్ ఖాతానో ఈమెయిలో అడుగుతుంది, అక్కడే అందరూ ఆగిపోతారు. ఫైల్ అప్‌లోడ్ ప్రశ్న పెట్టినా ఇదే గొడవ.

డి) బిందెల ప్రశ్నకు అంకెలే రాసేట్టు నియమం పెట్టండి. లేకపోతే "ఐదారు" అని వస్తుంది, షీట్ దాన్ని కూడదు.

ఇ) జవాబులను షీట్‌లోకి పంపి, నిలువు వరుస ఎంచుకొని ఇన్‌సర్ట్‌లో చార్ట్ నొక్కండి. తెర మీద గ్రాఫ్ వచ్చే ముందు పిల్లలు అదే కమ్మీ రేఖాచిత్రం చేత్తో గీసి ఉండాలి.

తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలని, వేరే దారి లేకపోతే 1.5 వరకు ఫర్వాలేదని భారతీయ ప్రమాణం. ఈ సంఖ్య చెప్పండి కానీ, మన సర్వేతో ఎవరి నీళ్లు మంచివో తేలదని కూడా చెప్పండి. దానికి నీటి పరీక్ష కావాలి. సర్వే దేన్ని చెప్పగలదో, దేన్ని చెప్పలేదో అన్నది కూడా ఆ పాఠంలో భాగమే.

ఇక్కడ తెలుగు టైపింగ్ తలనొప్పి ఒకటి. డీటీపీ సెంటర్‌లో చేయించిన పాత ప్రశ్నపత్రం అను ఫాంట్‌లో ఉంటుంది. దాన్ని కాపీ చేసి ఫామ్‌లో పెడితే పిచ్చి గుర్తులు వస్తాయి. ఆ ప్రశ్నపత్రం ప్రింట్‌ను ఫోన్‌తో ఫొటో తీసి గూగుల్ లెన్స్‌తో అక్షరాలు తీసుకోండి. ఒత్తులు, దీర్ఘాలు మాత్రం ఒక్కొక్కటీ చూసుకోవాలి. కొత్తగా రాసేదైతే జీబోర్డ్‌లో మైక్ నొక్కి తెలుగులో చెప్పడమే సులువు.

6. గూగుల్ ఎర్త్, దీక్ష: క్లుప్తంగా

ఎర్త్‌కు మంచి నెట్ కావాలి. కాబట్టి ఇంట్లోనే దారి వేసుకొని స్క్రీన్‌షాట్లు తీసుకోండి. నేను వేసే దారి కృష్ణమ్మ వెంటే: నారాయణపేట జిల్లా తంగడి దగ్గర భీమ కలిసే చోటు, జూరాల, శ్రీశైలం జలాశయం, నాగార్జునసాగర్, చివరికి మూసీ వచ్చి కలిసే వాడపల్లి. ప్రతి చోటా ఆగి "తర్వాత నది ఎటు తిరుగుతుంది?" అని అడగాలి. దూరం కొలిచే టూల్‌తో రెండు ప్రాజెక్టుల మధ్య దూరం కొలిచి, స్కేలు పద్ధతిలో అట్లాస్‌తో పోల్చండి.

దీక్షలో పాఠ్యపుస్తకం క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే ఆ పాఠం వీడియోలు వస్తాయి, డౌన్‌లోడ్ కూడా అవుతాయి. వీడియో మీరు పూర్తిగా చూడకుండా క్లాసులో పెట్టకండి. మూడు నిమిషాలకోసారి ఆపి ప్రశ్న వేయండి. పావుగంట ఏకబిగిన వీడియో అంటే మధ్యాహ్నం భోజనం తర్వాత జోలపాటే.

7. ఏఐతో ప్రశ్నలు రాయిస్తున్నారా?

రాయించండి, కానీ ప్రతి జవాబూ మీరు చేసి చూశాకే వాడండి. రెండు సరైన జవాబులున్న ప్రశ్నలు వస్తాయి, అసలు సరైనదే లేనివీ వస్తాయి. తెలుగు పారిభాషిక పదాలు మన పాఠ్యపుస్తకంలో ఉన్నట్టు రావు. పాఠంలోని పదాల జాబితా ముందే ఇచ్చి "ఈ మాటలే వాడు" అని అడిగితే కొంత మెరుగు. పిల్లల పేర్లు, మార్కులు అందులో ఎక్కించవద్దు.

8. తరచూ వచ్చే తిప్పలు

*ముందు బెంచీ వాళ్లే ప్యానెల్ దగ్గరికి వస్తున్నారు.* రోల్ నంబర్ల చిట్టీలు డబ్బాలో వేసి తీయండి. ఆడపిల్లలు వెనక్కి తగ్గుతుంటే జంటగా పిలవండి.

*క్లాసులో గోల.* పని ఇవ్వకుండా చూపించడం వల్ల వచ్చే గోల ఇది. చేతిలో పెన్ను, ముందు రాసిన జవాబు ఉంటే సగం తగ్గుతుంది.

*ఉచితం అన్నారు, ఇప్పుడు డబ్బు అడుగుతోంది.* చాలా క్విజ్ సైట్లు ఇట్లనే మారుతుంటాయి, పేర్లు కూడా మారతాయి. క్విజిజ్ 2025లో వేగ్రౌండ్ అయింది. మీ ప్రశ్నలు ఎప్పుడూ ఒక గూగుల్ డాక్‌లో విడిగా దాచుకోండి. బ్యాంకు కార్డు నంబరు అడిగే ట్రయల్ జోలికి అసలు పోవద్దు.

*సిలబస్ పూర్తి కావడం లేదు.* అయితే టూల్ వాడిన పీరియడ్‌లో నోట్స్ చెప్పి రాయించడం మానండి. రెండూ ఒకే పీరియడ్‌లో పట్టవు.

9. పిల్లల వివరాలు, ఖాతాలు

2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం 18 ఏళ్ల లోపు వాళ్లంతా పిల్లలే, వాళ్ల వివరాలు వాడాలంటే తల్లిదండ్రుల సమ్మతి ఉండాలి. మన స్థాయిలో సులువైన పద్ధతి వివరాలు ఎక్కించకపోవడమే.

☐ పేరు బదులు రోల్ నంబరు
☐ పిల్లల పేరుతో ఖాతాలు తెరవకపోవడం
☐ క్విజ్ ఫలితాన్ని తెర మీద పేర్లతో చూపకపోవడం
☐ క్లాసు ఫొటోలు వాట్సాప్ స్టేటస్‌లో పెట్టకపోవడం

ఇంకొక్క మాట. ఇవన్నీ మీ సొంత జీమెయిల్‌తో మొదలుపెట్టకండి. బడి పేరుతో ఒక ఖాతా తెరిచి, పాస్‌వర్డ్ రాసి కవర్‌లో పెట్టి హెచ్.ఎం. గారి బీరువాలో ఉంచండి. రికవరీకి ఎవరి నంబరు పెట్టాలో టీచర్లు మాట్లాడుకొని పెట్టుకోండి. నాకు బదిలీ అయినప్పుడు ఫామ్‌లు, ప్రశ్నలు అన్నీ నాతోనే వచ్చేశాయి. నా తర్వాత వచ్చిన మేడం కార్డుల కట్ట మాత్రం బీరువాలో చూసి, ఇవేమిటని నాకు ఫోన్ చేసింది.